చిన్న కంప్యూటర్: ఏమిటది, ఎలా ఎంచుకోవాలి, రోజువారీ పనులకు ఎలా వాడాలి – ఒడిశా సరిహద్దు తెలుగిళ్లకు సమగ్ర మార్గదర్శి

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్ వైపు తెలుగిళ్లలో కాగితాలెప్పుడూ రెండు రకాలు. పిల్లల బడి పుస్తకాలు ఒడియాలో ఉంటాయి. పాతపట్నం దగ్గర తాతగారి పొలం అడంగల్ తెలుగులో ఉంటుంది. రేషన్ కార్డు ఇక్కడిది, ఆడపడుచు పెళ్లి సర్టిఫికెట్ శ్రీకాకుళానిది. ఇవన్నీ ఫోన్‌లోనే నడిపేద్దామని చాలామంది చూస్తారు. ఫారం నింపేటప్పుడు తెర చాలదు, ప్రింటు తీయడం కుదరదు, చివరికి బజారులో నెట్ సెంటర్ ముందు క్యూ కట్టాల్సి వస్తుంది.

ఈ పనులకు పెద్ద టవర్ డబ్బా, దానికొక బల్ల, లావుపాటి యూపీఎస్ అక్కర్లేదు. అరచేతిలో పట్టే కంప్యూటర్‌ని ఇంట్లో ఉన్న టీవీకే తగిలించుకుంటే చాలు. కాకపోతే కొనేటప్పుడు నాలుగైదు విషయాలు చూసుకోవాలి, కొన్నాక రెండు భాషలకూ సరిగ్గా అమర్చుకోవాలి. ఈ వ్యాసం అందుకే.

మొదటి అడుగు: చిన్న కంప్యూటర్ అంటే ఏమిటో తెలుసుకోవడం

ఏ కంప్యూటర్‌కైనా ఉండాల్సినవి నాలుగు. లెక్క చేసే ప్రాసెసర్, పని జరిగేటప్పుడు సమాచారం పెట్టుకునే ర్యామ్, కరెంటు పోయినా చెరిగిపోని స్టోరేజ్, బయటి ప్రపంచంతో మాట్లాడే దారులు (కీబోర్డ్, తెర, నెట్). ఈ నాలుగూ ఎంత చిన్న చోట ఇమిడినా అది కంప్యూటరే.

1965లో వచ్చిన పీడీపీ-8ని అప్పట్లో 'మినీ కంప్యూటర్' అన్నారు. అంతకుముందువి గదులు నిండేవి, ఇదేమో ఫ్రిజ్ అంత, కాబట్టి మినీ! 1971లో ఇంటెల్ 4004 అనే చిప్ తెచ్చింది. దాదాపు 2,300 ట్రాన్సిస్టర్లున్న ప్రాసెసర్ మొత్తం ఒకే చిప్‌లో ఒదిగింది. ఇంట్లో పెట్టుకునే కంప్యూటర్లకు దారి పడింది అక్కడే. ఆ తర్వాత 1981లో ఐబీఎం పీసీ వచ్చింది. 2012 ఫిబ్రవరి 29న ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ నుంచి రాస్ప్‌బెర్రీ పై వచ్చింది. ఏటీఎం కార్డంత బోర్డు, ధర 35 డాలర్లు. పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పడానికని చేశారు గానీ ఇప్పుడు ఫ్యాక్టరీల్లో కూడా వాడుతున్నారు.

ఇప్పుడు బజారులో 'చిన్న కంప్యూటర్' అంటే మూడు వేరు వేరు వస్తువులు. వీటిని కలగలిపేసుకుని కొనేవాళ్లే ఎక్కువ.

ఒకటి, మైక్రోకంట్రోలర్. ఒకే చిప్, ఒకే పని. వాషింగ్ మెషీన్‌లో, డిజిటల్ కరెంటు మీటర్‌లో, కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ తూకంలో ఉన్నది ఇదే. బయట కొనుక్కునేవాటిలో ఆర్డుయినో, రాస్ప్‌బెర్రీ పై పికో లాంటివి ఈ జాతి. వీటి మీద బ్రౌజర్ నడవదు, ఉత్తరం టైప్ చేయలేం. మోటారు దానంతటదే ఆగేలా చేయడానికి, ట్యాంకు నిండితే బజర్ మోగించడానికి బాగుంటాయి.

రెండు, సింగిల్ బోర్డ్ కంప్యూటర్. రాస్ప్‌బెర్రీ పై 4, పై 5 లాంటివి. పూర్తి కంప్యూటరే, లైనక్స్ (విండోస్ లాంటిదే, ఉచితంగా దొరికే సిస్టమ్) మీద నడుస్తుంది. డబ్బా, ఛార్జర్, మెమరీ కార్డు విడిగా కొనాలి.

మూడు, మినీ పీసీ. మామూలు డెస్క్‌టాప్‌నే పుస్తకమంత డబ్బాలో కూర్చారు. విండోస్ నడుస్తుంది, మీ పాత ప్రింటర్ నడుస్తుంది, ట్యాలీ నడుస్తుంది.

ఇంటికీ దుకాణానికీ మినీ పీసీయే కొనమంటాను. రాస్ప్‌బెర్రీ పై గొప్ప వస్తువే, కానీ విడి భాగాలన్నీ కలుపుకుంటే ధర మినీ పీసీ దగ్గరికే వస్తుంది, పైగా విండోస్ సాఫ్ట్‌వేర్ దాని మీద సరిగా నడవదు. తెలుగు డీటీపీ వాళ్లు వాడే అను ఫాంట్ల ప్యాకేజీ విండోస్ కోసం చేసింది. పెళ్లి కార్డుల పని చేసేవాళ్లు పై జోలికి వెళ్లకపోవడం మంచిది. నేర్చుకునే పిల్లలకు, బడికి, ఊరి లైబ్రరీకి అయితే పై చాలా బాగుంటుంది. దాని సంగతి కింద చెబుతాను.

రెండో అడుగు: కరెంటు లెక్క

మన వైపు ధర కంటే ముందు చూడాల్సింది వాట్లు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి జిల్లా ఎంత దెబ్బతిందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. కొండ మీది గ్రామాలకు లైన్లు మళ్లీ పడేసరికి చాలా కాలం పట్టింది. తుపాను లేకపోయినా వేసవి గాలివానకు కరెంటు పోవడం మామూలే.

మామూలు టవర్ డెస్క్‌టాప్ పనిలో ఉండగా 100 వాట్ల దాకా తీసుకుంటుందనుకుందాం. రోజుకు 10 గంటలు నడిస్తే ఒక యూనిట్, నెలకు 30 యూనిట్లు. ఇంటెల్ ఎన్100 లాంటి చిన్న ప్రాసెసర్ ఉన్న మినీ పీసీ బ్రౌజర్, టైపింగ్ పనులకు 15 వాట్ల చుట్టుపక్కల తిరుగుతుంది. అదే 10 గంటలకు నెలకు నాలుగున్నర యూనిట్లు. బిల్లులో తేడా కంటే బ్యాటరీ మీద తేడా ముఖ్యం. ఇంట్లో ఇన్వర్టర్‌కున్న 150 ఏహెచ్ బ్యాటరీలో కాగితం మీద 1,800 వాట్-అవర్లుంటాయి. సగమే వాడినా 900. డబ్బాకు 15, చిన్న మానిటర్‌కు 20, వైఫై రూటర్‌కు 10, మొత్తం 45 వాట్లు. ఇన్వర్టర్ తినేది తీసేసినా పదిహేను గంటలు వస్తుంది. టవర్ కంప్యూటర్‌తో ఇందులో సగం కూడా రాదు.

ఇక్కడొక జాగ్రత్త. రూటర్ కోసం అమ్మే 12 వోల్టుల మినీ యూపీఎస్‌కి పిన్ సరిపోయింది కదా అని మినీ పీసీ తగిలిస్తుంటారు. ఆ యూపీఎస్ మీద 12 వోల్టులు 2 యాంపులు అని ఉంటే అది 24 వాట్లే ఇవ్వగలదు. మినీ పీసీ అడాప్టర్ మీద 12 వోల్టులు 3 యాంపులు, అంటే 36 వాట్లు రాసి ఉంటుంది. మామూలుగా నడుస్తున్నట్టే ఉండి, అప్‌డేట్ మొదలవగానే ఆగిపోతుంది. అడాప్టర్ మీద అంకెలు చూసి, అంతకు తగ్గని యూపీఎస్ కొనండి.

అడాప్టర్లను మార్చి తగిలించడం ఇంకా ప్రమాదం. కొన్ని డబ్బాలు 12 వోల్టులవి, కొన్ని 19, లెనోవో చిన్న డబ్బాలు 20. పిన్ను ఒకేలా ఉండొచ్చు. 12 వోల్టుల దానికి 19 ఇస్తే బోర్డు కాలిపోతుంది. అడాప్టర్‌కూ డబ్బాకూ ఒకే రంగు టేపు చుట్టి పెట్టుకోండి, ఇంట్లో ఎవరు తగిలించినా తప్పు జరగదు.

మూడో అడుగు: కొనేటప్పుడు ఏం చూడాలి

ప్రాసెసర్ పేరు గురించి కొట్టువాడు పది నిమిషాలు చెబుతాడు. మీరు ర్యామ్, స్టోరేజ్ గురించి అడగండి. ఫారాలు, బిల్లులు, వీడియో కాల్ పనులకు ప్రాసెసర్ ఏదైనా సరిపోతుంది. ర్యామ్ 4 జీబీ ఉంటే మాత్రం బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిచేసరికి నత్తనడకే. 8 జీబీకి తగ్గొద్దు. అది బోర్డుకు అతికించేసి ఉందా, మార్చుకునేలా స్లాట్ ఉందా అన్నది కూడా అడగండి.

స్టోరేజ్‌లో ఎస్‌ఎస్‌డీయే (తిరిగే డిస్కు లేకుండా చిప్‌లతో చేసిన వేగమైన రకం) తీసుకోండి, 256 జీబీ హాయిగా సరిపోతుంది. కొన్ని చవక డబ్బాల్లో 64 జీబీ ఈఎంఎంసీ అని ఉంటుంది. అది మార్చడానికి వీలుండదు, విండోస్ అప్‌డేట్లకే నిండిపోతుంది.

కొత్తదానికి డబ్బు చాలదంటే, ఆఫీసుల్లో వాడి తీసేసిన లెనోవో టైనీ, డెల్ మైక్రో, హెచ్‌పీ మినీ లాంటి చిన్న డబ్బాలు బరంపురం, విశాఖపట్నం సెకండ్ హ్యాండ్ కొట్లలో దొరుకుతాయి. గట్టి సరుకు. కాకపోతే ఇంటెల్ ప్రాసెసర్ తరం చూడాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే దాదాపుగా 8వ తరం లేదా ఆ తర్వాతిది ఉండాలి. ఐ5-6500 అంటే ఆరో తరం, ఐ5-8500 అంటే ఎనిమిదో తరం. గీత తర్వాతి మొదటి అంకె చూస్తే తెలుస్తుంది (నాలుగంకెల నంబర్లకు). చివర టీ అక్షరం ఉంటే అది తక్కువ కరెంటు తాగే రకం, మనకు కావలసినదే. ఆరో, ఏడో తరం డబ్బా చవగ్గా దొరికితే లైనక్స్ మింట్ వేసుకుని ఇంకొన్నేళ్లు లాగొచ్చు, తప్పేం లేదు.

పేరూ ఊరూ లేని ఆండ్రాయిడ్ టీవీ బాక్సుల్ని 'మినీ కంప్యూటర్' అని అంటగడుతుంటారు. అలాంటి కొన్ని బాక్సుల్లో అమ్మకానికి రాకముందే మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) చేరి ఉందని 2023లో భద్రతా పరిశోధకులు బయటపెట్టారు. సినిమా చూడటానికి కూడా నేను వద్దంటాను, బ్యాంకు పనికైతే దగ్గరకే రానివ్వొద్దు.

బిల్లు తీసుకోండి. సర్వీస్ సెంటర్ ఎక్కడుందో కొనకముందే అడగండి. బరంపురంలో ఉందా, భువనేశ్వర్ పంపాలా అన్నది వారంటీ ఎన్నేళ్లన్న దానికంటే ముఖ్యం.

నాలుగో అడుగు: తగిలించడం

"ఏటి బావా, ఇంత డబ్బాలో ఏటుంటాది?" అనే చుట్టాలకు చూపించి ఒప్పించడానికి ఇదే మంచి ఘట్టం. మినీ పీసీ వెనక హెచ్‌డీఎంఐ కంత ఉంటుంది. టీవీకి కూడా ఉంటుంది. కేబుల్ రెండు వైపులా గుచ్చి, టీవీ రిమోట్‌లో సోర్స్ నొక్కి ఆ హెచ్‌డీఎంఐని ఎంచుకోండి. యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ పెట్టండి. ఆన్ చేయండి. అంతే.

టీవీలో బొమ్మ అంచులు తెగిపోతే అది కంప్యూటర్ తప్పు కాదు. టీవీ పిక్చర్ సెట్టింగుల్లో ఆస్పెక్ట్ రేషియోని జస్ట్ స్కాన్ లేదా స్క్రీన్ ఫిట్ అని మార్చండి. అక్షరాలు మరీ చిన్నగా కనిపిస్తే విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో స్కేల్ 150 శాతం చేయండి. ఆరడుగుల దూరం నుంచి కూడా చదవొచ్చు.

డబ్బాను టీవీ వెనక అద్దాల అల్మారాలో మూసేయకండి. చుట్టూ నాలుగు వేళ్ల గాలి ఉండాలి. వేడెక్కితే ప్రాసెసర్ తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, మే నెల మధ్యాహ్నాల్లో 'కంప్యూటర్ స్లో అయింది' అనే ఫిర్యాదుల్లో చాలా వాటికి కారణం ఇదే. ఇంకో మాట, వానాకాలంలో వెచ్చగా ఉంటుందని చీమలు లోపల కాపురం పెడతాయి. నేల మీద పెట్టొద్దు.

కొనగానే చేయాల్సిన పని ఒకటుంది. పేరు లేని కంపెనీ డబ్బాలో ముందే వేసిచ్చిన విండోస్‌ని నమ్మకండి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, యాక్టివేషన్ చూసి లైసెన్స్ సరైనదో కాదో తెలుసుకోండి. 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకుని, మైక్రోసాఫ్ట్ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఇచ్చే మీడియా క్రియేషన్ టూల్‌తో దాన్ని ఇన్‌స్టాలర్‌గా చేసి, విండోస్ మళ్లీ కొత్తగా వేయండి. లేదా తెలిసినవాళ్లతో వేయించండి.

సెకండ్ హ్యాండ్ డబ్బాలో ఒక చిక్కు తరచూ వస్తుంది. నెట్ ఉంటుంది, కానీ ఏ వెబ్‌సైట్ తెరిచినా భద్రత లేదని ఎర్ర హెచ్చరిక వస్తుంది. గడియారం చూడండి, ఏ పాత సంవత్సరమో చూపిస్తుంటుంది. లోపల సీఆర్2032 అనే నాణెమంత బ్యాటరీ అయిపోయిందన్నమాట. గడియారాల కొట్లో కూడా దొరుకుతుంది, మార్చండి.

దుకాణంలో వాడేవాళ్లు బయోస్ (విండోస్ కంటే ముందు వచ్చే, డబ్బా సొంత) సెట్టింగుల్లోకి వెళ్లి, కరెంటు వచ్చాక దానంతటదే ఆన్ అయ్యే ఎంపికను పెట్టించుకోండి. రీస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్ లాంటి పేరుతో ఉంటుంది. ప్రతి కోతకూ బల్ల వెనక్కి వంగి బటన్ నొక్కే బాధ తప్పుతుంది.

ఐదో అడుగు: తెలుగు, ఒడియా రెండూ పెట్టుకోవడం

సరిహద్దు ఇంటికి ఇదే అసలు పని. తీరిగ్గా చేయండి.

విండోస్‌లో సెట్టింగ్స్, టైమ్ అండ్ లాంగ్వేజ్, లాంగ్వేజ్ అండ్ రీజియన్. యాడ్ ఏ లాంగ్వేజ్ నొక్కి తెలుగు చేర్చండి. మళ్లీ అదే పని ఒడియాకు చేయండి. తెర భాష మార్చమని అడిగితే మీ ఇష్టం, మార్చకపోయినా టైపింగ్ వస్తుంది. ఇప్పుడు విండోస్ గుర్తున్న కీని పట్టుకుని స్పేస్ నొక్కితే ఇంగ్లిష్, తెలుగు, ఒడియా వరుసగా మారుతుంటాయి.

ప్రతి భాషకూ రెండు కీబోర్డులు చూపిస్తుంది, ఇన్‌స్క్రిప్ట్, ఫొనెటిక్. ఇంగ్లిష్ అక్షరాలతో అమ్మ, నాన్న అని కొట్టి తెలుగు రాబట్టేది ఫొనెటిక్. అప్పుడప్పుడూ రెండు ముక్కలు రాసేవాళ్లకు అది చాలు. కానీ రెండు భాషల్లోనూ రాయాల్సిన వాళ్లకు, దరఖాస్తులు టైప్ చేసి బతికేవాళ్లకు నేను ఇన్‌స్క్రిప్టే నేర్చుకోమంటాను. 1986లో భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ భారతీయ భాషలన్నింటికీ కలిపి రూపొందించిన అమరిక అది. కె కీ నొక్కితే తెలుగులో క, ఒడియాలో కూడా ఆ భాష క. హెచ్ కీ రెండింటిలోనూ ప. సి కీ మ, వి కీ న. అచ్చుల గుర్తులు ఎడమ చేతి వైపు, హల్లుల్లో ఎక్కువ భాగం కుడి చేతి వైపు. డి కీ పొల్లు. అంటే క్క కావాలంటే కె, డి, కె. ఒక భాషలో వేళ్లు అలవాటు పడితే రెండో భాషకు మళ్లీ నేర్చుకోనక్కర్లేదు. రోజూ అరగంట కూర్చునే ఓపిక కావాలి, అంతే.

లైనక్స్ అయితే కీబోర్డ్ లేఅవుట్లలో తెలుగు, ఒడియా చేర్చి, రెండు భాషల నోటో ఫాంట్లు వేయండి. లిబ్రేఆఫీస్ రెండు భాషల్నీ చక్కగా చూపిస్తుంది.

ఇప్పుడు ఫాంట్ల తలనొప్పి. శ్రీకాకుళం ప్రెస్ నుంచి వచ్చిన తెలుగు ఫైల్ తెరిస్తే పిచ్చి ఇంగ్లిష్ గుర్తులు కనిపిస్తాయి. అది యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా, ఫోన్‌లోనైనా అక్షరాలు ఒకేలా తెరుచుకునే పద్ధతి) కాదు, అను ఫాంట్‌లో కొట్టింది. ఒడియా వైపు ఇదే కథ ఆకృతి ఫాంట్లతో. ఆ ఫాంట్ మీ దగ్గర లేకపోతే చదవలేరు. ఫైల్ పంపేవాళ్లను పీడీఎఫ్ అడగండి, లేదంటే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ వాడండి. మీరు కొత్తగా రాసేవి మాత్రం యూనికోడ్‌లోనే రాయండి, అప్పుడు ఫోన్‌లో కూడా తెరుచుకుంటుంది.

మాటల్లో మాట, ఇక్కడి కొండల్లో మాట్లాడే సవర భాషకు నిఘంటువు, వ్యాకరణం రాసిన గిడుగు రామమూర్తి పంతులు ఉద్యోగం చేసింది పర్లాకిమిడిలోనే. ఆ భాషకు 1936లో మాంగేయి గొమాంగో తయారుచేసిన సొరంగ్ సోంపెంగ్ లిపి 2012లో యూనికోడ్‌లోకి వచ్చింది. విండోస్‌తో వచ్చే నిర్మల యూఐ అనే ఫాంట్‌లో తెలుగు, ఒడియాతో పాటు ఆ లిపి కూడా ఉంది. గుణుపూర్ వైపు బడుల్లో పనిచేసే టీచర్లకు పనికొచ్చే విషయమే.

ఆరో అడుగు: ఏయే పనులకు

భూమి కాగితాలతో మొదలుపెడతాను, ఇంట్లో పెద్దవాళ్లు కంప్యూటర్‌ని గౌరవించేది అది చూశాకే. ఆంధ్ర వైపు పొలానికి మీభూమి వెబ్‌సైట్‌లో అడంగల్, 1-బి చూడొచ్చు. ఒడిశా వైపు భూలేఖ్. అందులో జిల్లా, తహసీల్, గ్రామం, ఆర్ఐ సర్కిల్ ఎంచుకుని ఖాతా నంబరుతోగానీ ప్లాట్ నంబరుతోగానీ పట్టా చూస్తారు. రెండింటినీ పీడీఎఫ్‌గా దాచుకోండి. కంట్రోల్, పి నొక్కి ప్రింటర్ పేరు చోట సేవ్ యాజ్ పీడీఎఫ్ ఎంచుకుంటే సరి. ఈ కాపీలు చూసుకోవడానికే. బ్యాంకు, కోర్టు పనికి తహసీల్ ఆఫీసు ధ్రువీకరించిన నకలు తెచ్చుకోవాలి.

దీనితోపాటు ఒక షీట్ తయారుచేయమంటాను. లిబ్రేఆఫీస్ కాల్క్ లేదా ఎక్సెల్‌లో వరుసకు ఒక మనిషి, నిలువు గడుల్లో ఆధార్, పాన్, ఒడిశా పట్టా, ఆంధ్ర పాస్‌బుక్, పదో తరగతి సర్టిఫికెట్. ఒక్కో కాగితంలో పేరు స్పెల్లింగ్ ఎలా ఉందో ఉన్నది ఉన్నట్టు అందులో రాయండి. తెలుగువాళ్ల ఇంటిపేరు ముందు వస్తుంది, ఇక్కడి ఆఫీసుల్లో దాన్ని చివరికి తోస్తారు, ఒక్కోసారి పూర్తిగా వదిలేస్తారు. ఏ కాగితం దేనితో కలవడం లేదో ఒక్క చూపులో తెలిస్తే, స్కాలర్‌షిప్ చివరి తేదీ నాడు టెన్షన్ పడక్కర్లేదు. ఇందులో ఆధార్ నంబర్లు పూర్తిగా రాయకండి, చివరి నాలుగంకెలు చాలు. ఫైల్‌కు పాస్‌వర్డ్ పెట్టండి.

దుకాణం బిల్లులకు మొదట్లోనే ఖరీదైన సాఫ్ట్‌వేర్ వద్దు. సరుకుల పేర్లు, బార్‌కోడ్ నంబర్లు, ధరలు ఒక షీట్‌లో పెట్టుకోండి. యూఎస్‌బీ బార్‌కోడ్ స్కానర్‌ని కంప్యూటర్ కీబోర్డు అనే అనుకుంటుంది. కర్సర్ గడిలో పెట్టి సబ్బు మీద గీతలకు చూపిస్తే నంబర్ టైప్ అయి, ఎంటర్ కూడా పడుతుంది. వీలుకప్ (VLOOKUP) ఫార్ములా ఒకటి రాస్తే పక్క గడిలో పేరు, ధర వస్తాయి. రెండంగుళాల థర్మల్ ప్రింటర్ చాలు రసీదుకు. ఆ రసీదు ఎండకు, వేడికి చెరిగిపోతుంది, కాబట్టి అప్పు ఖాతాలకు దాన్ని నమ్ముకోకండి.

జీఎస్టీ ఉన్న వ్యాపారులకు సరిహద్దు చిక్కు ఒకటుంది. జీఎస్టీ నంబరులో మొదటి రెండంకెలు రాష్ట్రానివి. ఒడిశాకు 21, ఆంధ్రకు 37. ఇక్కడి నుంచి పాతపట్నం, టెక్కలి వ్యాపారికి సరుకు పంపితే ఐజీఎస్టీ పడాలి, సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ కాదు. పక్కవీధి లాంటి ఊరు కదా అని అలవాటుగా తప్పు బిల్లు వేసేస్తారు. షీట్‌లో లెఫ్ట్ అనే ఫార్ములాతో కొనేవాడి నంబరులోని మొదటి రెండంకెలు విడదీసి, అవి 21 కాకపోతే గడి ఎరుపయ్యేలా పెట్టుకుంటే ఆ పొరపాటు బిల్లు దాకా రాదు. అనుమానం ఉన్నచోట మీ అకౌంటెంట్‌ని అడగండి.

పిల్లలకు దీక్షా వెబ్‌సైట్‌లో పాఠ్యపుస్తకాలు ఉన్నాయి. బోర్డు దగ్గర ఒడిశా ఎంచుకుంటే బడి పుస్తకాలు, ఆంధ్రప్రదేశ్ ఎంచుకుంటే తెలుగు పుస్తకాలు. బడిలో తెలుగు లేని పిల్లవాడికి తెలుగు చదవడం నేర్పాలంటే ఒకటో తరగతి తెలుగు వాచకం టీవీ తెర మీద పెద్దగా పెట్టుకుని అమ్మమ్మ పక్కన కూర్చోబెట్టండి. అమ్మమ్మకు కంప్యూటర్ రాకపోయినా అక్షరాలు వచ్చు కదా.

నెట్ అందని ఊళ్లకు: చిన్న లైబ్రరీ పెట్టె

గుమ్మా, నువాగడ, మోహనా బ్లాకుల్లో కొండ గ్రామాలకు ఇప్పటికీ సిగ్నల్ దోబూచులాడుతుంది. అక్కడి బడికి రాస్ప్‌బెర్రీ పైతో మంచి ఏర్పాటు చేయొచ్చు. కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మొత్తం వికీపీడియాను ఒక ఫైల్‌గా చేసి, నెట్ లేకుండా చదివిస్తుంది. తెలుగుది కూడా దొరుకుతుంది.

పర్లాకిమిడిలో మంచి నెట్ ఉన్నచోట కూర్చుని ఆ ఫైళ్లు (జిమ్ అనే రకానివి) దింపుకోండి. పెన్‌డ్రైవ్‌ని ముందు ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేయండి. ఫ్యాట్32లో 4 జీబీకి మించిన ఫైల్ ఎక్కదు, స్థలం ఖాళీగా ఉన్నా డిస్క్ సరిపోదన్నట్టు చెప్పి మనల్ని తికమక పెడుతుంది. రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్‌తో మెమరీ కార్డులో సిస్టమ్ వేసి, కివిక్స్ సర్వర్ పెట్టి, ఆ పై బోర్డునే వైఫై హాట్‌స్పాట్‌గా మార్చండి. టీచర్ల ఫోన్లు, బడి ట్యాబ్లెట్లు ఆ వైఫైకి కలిసి, బ్రౌజర్‌లో పుస్తకాలు తెరుస్తాయి. ఒక్క రూపాయి డేటా ఖర్చు కాదు.

ఇక్కడ రెండు లోపాలు ముందే తెలుసుకోవాలి. పై 4 వరకు బోర్డులో బ్యాటరీ గడియారం లేదు. నెట్ లేకపోతే తేదీ తప్పు చూపిస్తుంది. లైబ్రరీకి ఫరవాలేదు, హాజరు పట్టీకి వాడాలంటే చిన్న ఆర్‌టీసీ మాడ్యూల్ (బ్యాటరీతో నడిచే గడియారం) చేర్చాలి. పై 5లో గడియారం ఉంది, దాని బ్యాటరీ మాత్రం విడిగా కొనాలి. రెండోది, రాసే పని జరుగుతుండగా కరెంటు పోతే మెమరీ కార్డు పాడవుతుంది. యూఎస్‌బీ ఎస్‌ఎస్‌డీ నుంచి నడిపించడం మేలు, ఎలాగూ కార్డు ఇంకో కాపీ చేసి టీచర్ బీరువాలో పెట్టండి. పెట్టె ఆగితే కార్డు మార్చడం ఎవరైనా చేయగలరు. ఛార్జర్ దగ్గర పిసినారితనం వద్దు. పై 4కి 15 వాట్లది, పై 5కి 27 వాట్లది కంపెనీ చెప్పిందే వాడండి. ఫోన్ ఛార్జర్ పెడితే తెర మీద మెరుపు గుర్తు వచ్చి పదే పదే ఆగుతుంది.

ఏడో అడుగు: కాపాడుకోవడం

పిడుగుల కాలంలో సర్జ్ ప్రొటెక్టర్ (ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీని, అంటే సర్జ్‌ని అడ్డుకునేది) ఉన్న బోర్డు వాడండి. అయినా గట్టిగా ఉరుముతుంటే ప్లగ్గు తీసేయడమే నమ్మకం. నెట్ కేబుల్ కూడా తీయాలి. కరెంటు ప్లగ్గు తీసి నెట్ కేబుల్ వదిలేస్తే ఆ దారిన వచ్చిన సర్జ్ బోర్డును తింటుంది.

ఫైళ్లు మూడుచోట్ల ఉండాలి. కంప్యూటర్‌లో ఒకటి, ఒక పెన్‌డ్రైవ్‌లో లేదా బయటి డిస్క్‌లో ఒకటి, క్లౌడ్‌లోగానీ వేరే ఊరి చుట్టాలింట్లోగానీ ఒకటి. మన దగ్గర తుపాను ఇంటినంతా తడిపే అవకాశం ఉంది కాబట్టి మూడోది తప్పనిసరి. పత్రాల స్కాన్లన్నీ కలిపినా ఒకటి రెండు జీబీ దాటవు.

బజారులో చవగ్గా అమ్మే 1 టీబీ, 2 టీబీ పెన్‌డ్రైవ్‌లలో చాలా వరకు నకిలీ. లోపల 16 లేదా 32 జీబీ ఉండి, పైకి పెద్ద అంకె చూపిస్తాయి. నిండాక పాత ఫైళ్లు మాయమవుతాయి. కొనగానే విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లైనక్స్‌లో ఎఫ్3 అనే ఉచిత టూల్‌తో పరీక్షించి, తేడా వస్తే అదే రోజు వెనక్కివ్వండి.

ఇంట్లో అందరికీ ఒకే లాగిన్ వద్దు. పిల్లలకు విడిగా స్టాండర్డ్ అకౌంట్ చేయండి, వాళ్లు ఏదిపడితే అది ఇన్‌స్టాల్ చేయలేరు. బ్యాంకు పాస్‌వర్డులు బ్రౌజర్‌లో దాచుకుంటే పెద్దవాళ్ల అకౌంట్‌లోనే ఉండనివ్వండి. తెర మీద కంప్యూటర్‌కు వైరస్ వచ్చిందని ఫోన్ నంబరుతో పెద్ద హెచ్చరిక వస్తే, ఆ నంబరుకు ఫోన్ చేయొద్దని ఇంట్లో అందరికీ చెప్పండి. బ్రౌజర్ మూసేస్తే పోయే బొమ్మ అది. పొరపాటున డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి, అది సైబర్ మోసాలకు జాతీయ హెల్ప్‌లైన్.

రిపేరుకు ఇవ్వాల్సి వస్తే ఎస్‌ఎస్‌డీ తీసి మీ దగ్గర పెట్టుకుని డబ్బా మాత్రం ఇవ్వండి. చాలా మినీ పీసీల్లో అడుగున నాలుగు స్క్రూలు విప్పితే చాలు, బయటికొస్తుంది. డిస్క్ పరీక్షించాల్సిందే అంటే మీ ఎదురుగా పరీక్షించమనండి.